ఇంజను త్రాగిన చమురులో చేనికి దక్కినదెంత?

వంశధార సముద్రములో కలియు చోట కళింగపట్నము ఉన్నది. ఆ చుట్టుపట్ల ఇసుక నేలలలో వేరుసెనగకు, కూరగాయలకు, నారుమళ్ళకు నూతినుండియో గుంటనుండియో నీరు తోడుటకు ఆయిల్ ఇంజను పెట్టుకొన్న రైతులు ఉన్నారు. కరెంటు మోటార్లు వచ్చిన తరువాత కూడ, స్తంభము చేరని చేలకు ఇంజనే ఆధారము. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస వద్ద తీరము దాటి శ్రీకాకుళము జిల్లాలో విద్యుత్ స్తంభములను నేల కూల్చినప్పుడు, మోటార్లు ఉన్న చోట కూడ ఇంజను అవసరము ఎట్టిదో అందరికీ తెలిసివచ్చినది.

ఒకే లోతునుండి నీరు తోడు రెండు ఇంజన్లను చూడుడు. ఒకటి ఎకరమునకు ఒక తడి ఇచ్చుటకు రెండు లీటర్ల పైచిలుకు డీజిలు త్రాగును. రెండవది అదే తడికి ఏడు లీటర్లు త్రాగును. రెండవ ఇంజను గల రైతు చమురు మంచిది కాదనును, లేక ఇంజను జాతి మంచిది కాదనును. నిజము వేరు. డీజిలులోని వేడిమిలో కొంత భాగము ఎవరు ఏమి చేసినను పోక తప్పదు. అది ప్రకృతి తీసికొను శిస్తు. మరికొంత భాగము మన అజాగ్రత్త వలన పోవును. ఈ రెంటికీ గల భేదము తెలిసిన రైతు తగ్గించలేని నష్టమునకై చింతింపడు, తగ్గించగల నష్టమును వదలడు. ఆ భేదము తెలుపుటయే ఈ పాఠము ఉద్దేశము.

వేడిమి, పని: రెంటికీ ఒకే కొలత

గిలక మీద చేద తోడినప్పుడు మనము పని చేసితిమి. పొయ్యిలో కట్టె కాలినప్పుడు వేడిమి పుట్టినది. ఈ రెండును వేరువేరు వస్తువులని పూర్వము తలచెడివారు. 1840 తరువాతి పది సంవత్సరములలో ఇంగ్లండు దేశస్థుడు జేమ్స్ జౌల్ అను శాస్త్రజ్ఞుడు నీటి పాత్రలో రెక్కల చక్రము నుంచి, క్రిందికి దిగు బరువులతో దానిని త్రిప్పి, నీరు ఎంత వేడెక్కినదో కొలిచెను. ఇంత పనికి ఇంత వేడిమి అని లెక్క తేలినది. నేడు పనిని, వేడిమిని కొలుచు ప్రమాణమునకు ఆయన పేరే పెట్టినారు.

ఒక లీటరు నీటిని ఒక మీటరు ఎత్తుటకు సుమారు 9.8 జౌళ్ళ పని కావలెను. 6 మీటర్లు, అనగా ఇంచుమించు 20 అడుగులు ఎత్తుటకు 59 జౌళ్ళు చాలును. ఒక లీటరు డీజిలు కాలినచో వచ్చు వేడిమి సుమారు 3 కోట్ల 60 లక్షల జౌళ్ళు. భాగించి చూడుడు: ఈ వేడిమి అంతయు పనిగా మారినచో ఒక్క లీటరు డీజిలు 6 లక్షల లీటర్ల పైగా నీటిని 6 మీటర్లు ఎత్తవలెను. ఎకరము నేల మీద 5 సెంటీమీటర్ల మందమున నీరు నిలుపుటకు 2 లక్షల లీటర్లు కావలెను. కాబట్టి లీటరు డీజిలుతో మూడెకరములు తడియవలెను.

ఎక్కడనూ తడియదు. మిక్కిలి చక్కగా నడచు పంపుసెట్టు కూడ లీటరుతో అర ఎకరమును మించి తడుపదు. మిగిలిన వేడిమి ఏమైనది?

వంశధార చెప్పు పాఠము

కళింగపట్నము వద్ద వంశధారను చూడుడు. నీరు విస్తారముగా ఉన్నది. అయినను అక్కడ నీటిచక్రము పెట్టి పిండిమర త్రిప్పలేము. కారణమేమి? నది సముద్ర మట్టమునకు దిగిపోయినది. ఇక పడుటకు పల్లము లేదు. ఎగువన కొండలలో అదే నీరు కొద్దిగా ఉన్నను ఎత్తునుండి దూకును గనుక చక్రము త్రిప్పగలదు. నీటి రాశి ఒక్కటే చాలదు, పల్లము కూడ కావలెను.

వేడిమి విషయమును ఇట్టిదే. ఫ్రాన్సు దేశపు యువ ఇంజనీరు సాదీ కార్నో 1824లో ఒక చిన్న గ్రంథము వ్రాసి, నీరు పల్లమునకు పారినప్పుడు చక్రము తిరుగునట్లే, వేడిమి హెచ్చు ఉష్ణోగ్రతనుండి తక్కువ ఉష్ణోగ్రతకు దిగినప్పుడే యంత్రము పని చేయునని తెలిపెను. ఒక్క తేడా తరువాతి వారు సవరించిరి. చక్రము త్రిప్పిన నీరు ఎంత వచ్చినదో అంతయు క్రిందికి పోవును. వేడిమి అట్లు కాదు. అందులో కొంత భాగము పనిగా మారి తరగిపోవును, మిగిలినదే క్రిందికి పోవును.

సముద్రములో అంతులేని వేడిమి ఉన్నది గదా, మన జాలరుల పడవ ఆ వేడిమితో నడువరాదా అని అడుగవచ్చును. నడువదు. చుట్టునున్న గాలి, నీరు అన్నియు ఇంచుమించు ఒకే ఉష్ణోగ్రతలో ఉన్నవి. వేడిమి దిగుటకు పల్లము లేదు. అందుకే జాలరి కూడ తన పడవ ఇంజనులో చమురు కాల్చి, ముందుగా ఒక ఎత్తయిన వేడిమిని పుట్టించుకొనవలసి వచ్చినది.

సిలిండరులో నాలుగు అంచెలు

ఇప్పుడు ఇంజను లోపలికి పోదము. లెక్క సులభముగా ఉండుటకు శాస్త్రజ్ఞులు ఆదర్శ వాయువు అను దానిని ఊహించుకొన్నారు. దాని అణువులు ఒకదానినొకటి అంటిపెట్టుకొనవు. ఒత్తిడిని ఘనపరిమాణముతో హెచ్చవేసిన వచ్చు ఫలము, ఉష్ణోగ్రత పెరిగిన నిష్పత్తిలోనే పెరుగును. మామూలు గాలి దీనికి చాల దగ్గరగా నడుచును. ఈ లెక్కలో ఉష్ణోగ్రతను సెంటీగ్రేడుకు 273 కలిపి చెప్పవలెను. 27 డిగ్రీల గాలి 300 కెల్విన్లు అగును.

మొదటి అంచె, అదుముట. సైకిలుకు గాలి కొట్టునప్పుడు పంపు అడుగు వేడెక్కుట మీరెరుగుదురు. గాలిని అదిమిన పని వేడిమిగా మారినది. డీజిలు ఇంజనులో పిస్టను గాలిని సుమారు 16వ వంతుకు అదుమును. త్వరగా జరుగును గనుక వేడిమి బయటకు పోవుటకు వ్యవధి లేదు. 300 కెల్విన్ల గాలి 909 కెల్విన్లకు, అనగా 636 డిగ్రీల సెంటీగ్రేడుకు చేరును. ఒత్తిడి 48 రెట్లు అగును. ఈ వేడికి డీజిలు తనంతట తానే అంటుకొనును. అందుకే ఈ ఇంజనుకు స్పార్కు ప్లగ్గు లేదు.

రెండవ అంచె, వేడిమి పుచ్చుకొనుట. ఇంజెక్టరు సన్నని తుంపరగా చమురు చిమ్మును. అది కాలుచుండగా పిస్టను వెనుకకు జరుగును. ఒత్తిడి తగ్గకుండగనే ఘనపరిమాణము రెట్టింపు అయినదనుకొందము. ఉష్ణోగ్రత కూడ రెట్టింపై 1,818 కెల్విన్లు అగును. ఒక్కొక్క కిలో గాలి పుచ్చుకొన్న వేడిమి 914 కిలోజౌళ్ళు.

మూడవ అంచె, వ్యాపించుట. కాగిన వాయువు పిస్టనును నెట్టుచు మొదటి ఘనపరిమాణమునకు వచ్చును. ఇదియే మనకు పని దొరకు అంచె. పని చేసిన కొలది వాయువు చల్లబడి 792 కెల్విన్లకు, అనగా 519 డిగ్రీలకు దిగును.

నాలుగవ అంచె, వేడిమి విడుచుట. వాల్వు తెరచుకొని వేడివాయువు సైలెన్సరు గుండ పోవును. దాని స్థానములో 300 కెల్విన్ల క్రొత్త గాలి వచ్చును. ఇట్లు విడిచిన వేడిమి కిలోకు 353 కిలోజౌళ్ళు.

జమాఖర్చు చూడుడు. పుచ్చుకొన్నది 914, విడిచినది 353. మిగిలిన 561 కిలోజౌళ్ళు పని. పెట్టిన వేడిమిలో పనిగా ఫలించిన పాలును దక్షత అందురు. 561ని 914 చేత భాగించిన ఈ ఇంజను దక్షత నూటికి 61 పాళ్ళు.

ఆ 353 కిలోజౌళ్ళను విడువకుండ ఉండరాదా? 519 డిగ్రీల వాయువును బయటకు పంపుట దండుగ గదా? విడువకున్నచో ఏమగునో చూడుడు. అదే వేడివాయువును మరల 16వ వంతుకు అదుమవలెను. అది వేడిగా ఉన్నది గనుక గట్టిగా ఎదురు నెట్టును. మూడవ అంచెలో వచ్చిన పని అంతయు దానిని అదుముటకే సరిపోవును. చేతికి చిక్కునది ఏమియు ఉండదు. చల్లని గాలిని అదుముటకు తక్కువ పని, వేడి గాలి వ్యాపించునప్పుడు ఎక్కువ పని. ఈ రెంటి తేడాయే మన లాభము. ఆ లాభము నిలుపుకొనుటకు ప్రతి చుట్టునందును కొంత వేడిమిని చల్లని చోటికి వదలవలసినదే. ఇదియే ప్రకృతి శిస్తు. ఏ కంపెనీ ఇంజనైనను, ఏ దేశపు ఇంజనైనను దీనిని తప్పించుకొనలేదు.

కరెంటు మోటారుకు ఈ శిస్తు లేదు గదా అనవచ్చును. బొగ్గుతో విద్యుత్తు చేయు చోట ఆ శిస్తు మనకంటె ముందుగానే కట్టబడినది. పరవాడ వద్ద ఉన్న సింహాద్రి విద్యుత్కేంద్రము సముద్రపు నీటితో చల్లార్చుకొనుటకు కారణమిదే. బొగ్గు వేడిమిలో సగము కంటె ఎక్కువ పాలు అచ్చట విడువబడును.

అదుము తగ్గిన దక్షత తగ్గును

ఈ లెక్కలో రైతుకు ముఖ్యమైన సంగతి ఒకటి ఉన్నది. దక్షత ఇంజను పరిమాణము మీద కాదు, ప్రధానముగా గాలిని ఎంత గట్టిగా అదుమునో దాని మీద ఆధారపడును. రింగులు అరిగి, వాల్వులు సరిగా మూసికొనక, అదుము 16వ వంతునుండి 12వ వంతుతో సమానమైనదనుకొందము. గాలి 636కు బదులు 538 డిగ్రీలకే కాగును. దక్షత 61నుండి 57కు దిగును. ఇది ఆదర్శ లెక్కలో మాత్రమే. నిజమైన ఇంజనులో నష్టము ఇంతకంటె ఎక్కువ. గాలి రింగుల ప్రక్కనుండి జారిపోవును, చమురు సగము కాలి నల్లని పొగయై పోవును. చలికాలపు ఉదయమున ఇంజను ఎంత త్రిప్పినను అందుకొనకపోవుటకు ఇది ఒక కారణము.

ఈ సూత్రమును పట్టుకొనియే జర్మనీ దేశస్థుడు రుడాల్ఫ్ డీజిల్ తన ఇంజనును నిర్మించెను. 1897లో ఆగ్స్‌బర్గ్ నగరములో పరీక్షించినప్పుడు అది చమురు వేడిమిలో నూటికి 26 పాళ్ళను పనిగా మార్చినది. ఆనాటి మామూలు ఆవిరి యంత్రములకంటె ఇది రెట్టింపునకు పైగా మేలు. మన వేరుసెనగ రైతులకు ఇంకొక సంగతి వినసొంపుగా ఉండును. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిలు ఇంజనును వేరుసెనగ నూనెతో నడిపి చూపిరి. అట్లని మీ ఇంజనులో పచ్చి నూనె పోయకుడు. అది చిక్కన గనుక ఇంజెక్టరులో పేరుకొని తుంపరను చెరుచును.

ఆదర్శమునకు, చేనికి మధ్య

నిజమైన చిన్న ఇంజనులో 61 పాళ్ళు రావు. సిలిండరు గోడలు వేడిమిని పీల్చుకొనును, పిస్టను రాపిడికి కొంత పోవును, చమురు ఒక్క క్షణములో కాలదు. బాగుగా ఉన్న 5 గుర్రపు శక్తి ఇంజను పూర్తి బరువు మీద నూటికి 30 పాళ్ళు పని ఇచ్చిన మంచిదే. మిగిలిన దానిలో ఇంచుమించు సగము చల్లార్చు నీటిలోను, సగము పొగలోను పోవును.

ఇంజనుతో కథ ముగియలేదు. పని పంపునకు పోవలెను, పంపునుండి పైపుల గుండ నీరు చేనికి రావలెను. మంచి పంపు తనకు వచ్చిన పనిలో నూటికి 60 పాళ్ళు నీటికి అందించును. సరియైన పైపులు అందులో 80 పాళ్ళు నిలుపును. 30లో 60 పాళ్ళు 18. ఆ 18లో 80 పాళ్ళు 14.4. అనగా లీటరు డీజిలుకు సుమారు 88 వేల లీటర్ల నీరు 6 మీటర్లు ఎక్కును. ఎకరము తడికి 2.3 లీటర్ల డీజిలు చాలును.

అజాగ్రత్తగా ఉంచిన సెట్టును చూడుడు. ఇంజను 20, పంపు 40, పైపులు 60. 20లో 40 పాళ్ళు 8. 8లో 60 పాళ్ళు 4.8. లీటరుకు 29 వేల లీటర్ల నీరే ఎక్కును. అదే ఎకరమునకు 6.9 లీటర్ల డీజిలు కావలెను. ఒక పంటకు 8 తడులు ఇచ్చితిమనుకొందము. తడికి 4.6 లీటర్ల చొప్పున ఎకరమునకు 37 లీటర్ల డీజిలు వృథాగా పోయినది. ఇది ప్రకృతి శిస్తు కాదు, మనము కట్టుకొన్న జరిమానా.

ఈ నష్టములు ఒకదానినొకటి హెచ్చవేయును. అట్లే లాభములును. రెండవ సెట్టులో ఇంజను జోలికి పోక పంపు ఒక్కటి బాగుచేసి 40ని 60 చేసినను, ఎకరమునకు 6.9 లీటర్లు 4.6కు దిగును.

మీ సెట్టు దక్షత మీరే కట్టుకొనుడు

దీనికి 200 లీటర్ల డ్రమ్ము, గడియారము, లీటరు గీత గల సీసా చాలును.

1. నీరు చేనికి పడు చోటనే, అదే ఎత్తున డ్రమ్ము నిండుటకు ఎన్ని సెకండ్లు పట్టునో మూడుసార్లు చూచి సగటు తీయుడు. 10 సెకండ్లు పట్టినచో సెకండుకు 20 లీటర్లు, గంటకు 72 వేల లీటర్లు.

2. ఇంజను ఆపి, టాంకిని అంచువరకు నింపుడు. ఒక గంట నడిపి, ఆపి, మరల అంచువరకు నింపుటకు ఎంత డీజిలు పట్టినదో సీసాతో కొలువుడు. 1.2 లీటర్లు పట్టినచో, లీటరుకు 60 వేల లీటర్ల నీరు వచ్చినట్లు.

3. ఇంజను నడచుచుండగా నూతిలో నీటి మట్టమునుండి నీరు పడు చోటివరకు ఎత్తును మీటర్లలో కొలువుడు. 6 మీటర్లనుకొందము.

4. లీటరు డీజిలుకు వచ్చిన నీటి లీటర్లను ఎత్తుతో హెచ్చవేసి 36,700 చేత భాగించుడు. 60,000ను 6తో హెచ్చవేసిన 3,60,000. దీనిని 36,700 చేత భాగించిన 9.8. మీ సెట్టు మొత్తపు దక్షత నూటికి 9.8 పాళ్ళు.

12 దాటినచో మీ సెట్టు మంచి స్థితిలో ఉన్నది. 8కి, 12కి మధ్య ఉన్నచో సవరించుకొనదగినది. 8కి లోపు ఉన్నచో జాగు చేయక కారణము వెదకవలెను.

ఎక్కడ వెదకవలెను?

అదుము: ఇంజను ఆపి, చల్లారిన పిమ్మట, అదుము విడుపు పిడిని మూసి, చమురు అందకుండ చేసి చక్రమును చేతితో త్రిప్పి చూడుడు. ఒక చోట గట్టిగా ఎదురు నెట్టవలెను. తేలికగా తిరిగినచో రింగులను, వాల్వులను మెకానిక్కుకు చూపుడు.

గాలి వడపోత: తీరప్రాంతములో ఇసుక, ఉప్పుగాలి ఎక్కువ. వడపోత మూసుకొన్నచో గాలి చాలక చమురు కాలదు. ఇసుక లోపలికి పోయినచో రింగులు అరుగును. తరచుగా శుభ్రము చేయవలెను.

పొగ: నల్లని పొగ చమురు సరిగా కాలలేదనుటకు గుర్తు. ఇంజెక్టరు చూపించుడు. నీలిపొగ కందెన నూనె కాలుచున్నదనుటకు గుర్తు. డీజిలులో కిరసనాయిలు కలుపకుడు.

చల్లార్చు నీరు: నూతి చల్లనినీటిని ఇంజను చుట్టు ధారాళముగా విడుచుట మేలనుకొందురు. అది పొరపాటు. సిలిండరు మరీ చల్లబడినచో వేడిమి పనిగా మారకముందే గోడలలోనికి పోవును. బయటకు వచ్చు నీరు 60 డిగ్రీల సమీపమున, చేయి నిలుపలేనంత వేడిగా ఉండవలెను. కాని మరుగరాదు.

బెల్టు: వదులైన బెల్టు జారును. ఇంజను తిరుగుచునే ఉండును, పంపు వేగము తగ్గును.

పైపులు: ఫుట్‌వాల్వు రంధ్రములు ఇరుకుగా ఉన్నను, పైపు సన్నగా ఉన్నను, వంపులు ఎక్కువైనను రాపిడి పెరుగును. నీరు కాలువలో పడవలసిన చోటికి పైన నాలుగడుగులు ఎత్తి దూకించుట చూచుటకు అందము, కాని ఆ నాలుగడుగులకు చమురు ఖర్చగును. పంపును నీటిమట్టమునకు వీలైనంత దగ్గరగా అమర్చవలెను. పీల్చు ఎత్తు 6 మీటర్లు మించరాదు.

ఇంజను పరిమాణము: 3 గుర్రముల పనికి 8 గుర్రముల ఇంజను పెట్టినచో, అది సగము బరువుకూడ లేక తిరుగుచు, తన రాపిడికే చమురు త్రాగును.

ఒక హెచ్చరిక చేసి ముగింతుము. సెట్టు బాగుపడి నీరు ధారాళముగా వచ్చుచున్నదని గంటలు పెంచకుడు. సముద్రతీరపు ఇసుకలో మంచినీరు ఉప్పునీటి మీద తేలియుండును. అతిగా తోడినచో క్రిందినుండి ఉప్పునీరు పైకి వచ్చును. అట్లు చెడిన నూతిని ఏ మెకానిక్కును బాగుచేయలేడు. మిగిలిన చమురును మిగులుగానే ఉంచుకొనుడు.

గ్రామములోని వ్యవసాయ సహాయకులు, చదువుకొన్న యువకులు కలిసి ఒక డ్రమ్ము, ఒక సీసాతో ఊరిలోని ఇంజన్లను వరుసగా పరీక్షించి, ఫలితములను ఒక పుస్తకములో వ్రాయించవలెను. తన సెట్టుకు 5 పాళ్ళు, పొరుగు సెట్టుకు 13 పాళ్ళు అని కంటితో చూచిన రైతుకు వేరొకరు బోధింపనక్కరలేదు.

పాఠము నేర్చుకొన్నవారికి ప్రశ్నలు

1. సిలిండరునుండి వేడివాయువును విడువకున్నచో ఇంజను ఎందుకు పని ఇయ్యలేదు?

2. ఒక సెట్టు ఇంజను 25, పంపు 50, పైపులు 80 పాళ్ళు ఫలించుచున్నవి. మొత్తపు దక్షత ఎంత? (జవాబు: నూటికి 10 పాళ్ళు.)

3. మీ సెట్టులో ఈ సంవత్సరము మొదట బాగుచేయవలసినది ఇంజనా, పంపా, పైపులా? దీనికి జవాబు మీ చేనిలోనే ఉన్నది.